‘ఫలితాలు లేవు’ అంటే నమ్మకండి, బిడ్డలారా



బిడ్డలారా, సిద్ధాంత గ్రంథాలుండే శోధగంగ డేటాబేస్‌లో మన పాలమూరు పేరో, నల్లగొండ పేరో ఒక్కసారి కొట్టి, ఏం దొరకలేదని మీరు లేచిపోతుంటే మనసు చివుక్కుమంటది. మా రోజుల్లో గ్రంథాలయానికి పోతే లైబ్రేరియన్ ‘ఏ ఊరి సంగతి, ఏ కాలంది?’ అని అడిగేవారు. జవాబు చెప్పేలోపే మనకేం కావాలో మనకు తేటపడేది. ఆ అడిగే తీరు నేర్పకుండానే మీ చేతికి కంప్యూటర్లిచ్చినం. ఆ లోపం మా తరానిదే.

డేటాబేస్‌కు మన ఊరి ముచ్చట తెల్వదు, మీరు కొట్టిన అక్షరాలే చూస్తది. వలస కూలీల మీద రాసినోళ్లలో ఒకరు మహబూబ్‌నగర్ అంటారు, ఇంకొకరు పాలమూరు అంటారు. ఇంగ్లీషులో స్పెల్లింగులు తీరొక్కటి. అందుకే పేర్లన్నీ ముందు కాగితం మీద రాసుకోండి. వాటి మధ్యన ‘ఆర్’ (OR) పెట్టి బ్రాకెట్లో వేసి, ‘అండ్’ (AND) చేర్చి, వలస అని కొట్టండి. 2016లో జిల్లాలు విడిపోయినయి కదా, అంతకుముందు గద్వాల చీరల మీద రాసింది మహబూబ్‌నగర్ కింద, సూర్యాపేట సంగతి నల్లగొండ కింద వెతకాలె. పటిక, సున్నంతో నీళ్లలో ఫ్లోరైడ్ తీసే ‘నల్లగొండ టెక్నిక్’ కావాలంటే ఆ రెండు మాటలనూ కలిపి కొటేషన్ గుర్తుల్లో పెట్టండి. ఇంగ్లీషులో ‘fluor’ వరకు కొట్టి నక్షత్రం గుర్తు (*) పెడితే చాలా డేటాబేసుల్లో ఫ్లోరైడ్, ఫ్లోరోసిస్ రెండూ వస్తయి. ఒక్క మంచి వ్యాసం దొరికినా చాలు నాయనా, దాని విషయ పదాలు, చివరనున్న గ్రంథసూచి పట్టుకొని ఇంకా పది వెతకొచ్చు.

‘లేవు’ అన్న మాట నమ్మకుండా వెతికితే ఏమైతదో చూడండి. తెలంగాణలో కవులే లేరన్న మాట వచ్చినప్పుడు పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి ఊరుకోలేదు. ఊరూరి నుంచి పద్యాలు తెప్పించి 1934లో గోలకొండ కవుల సంచిక తెచ్చారు. లేరన్నచోట 354 మంది కవులు తేలారు.

తెర మీద ‘ఫలితాలు లేవు’ అని వస్తే మాట మార్చి మళ్లీ అడగండి. అప్పటికీ దొరకకపోతే జిల్లా గ్రంథాలయంలో అడగండి. రేపు మీరు రాసే సిద్ధాంత గ్రంథానికి కీలకపదాలు ఇచ్చేటప్పుడు మన ఊళ్ల పాత పేర్లు, కొత్త పేర్లు అన్నీ వేయండి, మీ వెనక వచ్చేటోళ్లకు సులువుగా దొరుకుతది. చదువులో, బతుకులో చల్లగా ఉండండి.

మీ తాత