బేస్ గిటార్, యాంప్, ఒక పీకేసిన పిన్ను

మా ఆఫీసులో కొత్తగా చేరిన కుర్రాడొకడు మొన్న లంచ్‌లో పట్టుకున్నాడు. "అన్నా, మీరు వీకెండ్స్‌లో ఆర్కెస్ట్రాలో బేస్ వాయిస్తారట కదా, నేనూ మొదలుపెడదామనుకుంటున్నా. యాంప్ ఎన్ని వాట్లది కొనాలి?" అని. అందరూ అడిగే మొదటి ప్రశ్న ఇదే. ఏడేళ్ళ కిందట నేనూ ఇదే అడిగాను. వాడికి అప్పటికప్పుడు ఏదో పొడిపొడిగా చెప్పాను గానీ, సరిగ్గా చెప్పాలంటే పురానాపూల్ సంగతి చెప్పాలి. అది లంచ్ టైములో తేలేది కాదు. అందుకే ఈ టపా.

ముందు గిటార్ సంగతి. బేస్ వాయించేవాడి బాధ ఏంటంటే, వాడు వాయిస్తున్నాడని ఎవరికీ తెలీదు. మా నాన్న నా ప్రోగ్రాం వీడియో ఫోన్లో చూసి, "అందరివీ వినిపిస్తున్నాయి, నీది ఏదిరా?" అన్నారు. ఆయన తప్పేం లేదు. బేస్‌లో లావు తీగ దాదాపు 41 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది, ఫోన్ స్పీకర్ అంత కిందికి దిగలేదు. ఇళయరాజా పాటలు మంచి హెడ్‌ఫోన్స్‌లో ఒక్కసారి వినండి, అడుగున శశిధరన్ బేస్ పాటకి సమాంతరంగా ఇంకో పాట పాడుతూ ఉంటుంది. నాకు ఈ పిచ్చి పట్టింది అక్కడే.

పిచ్చి పట్టినవాడు చేసే పనే నేనూ చేశాను. మొదటి జీతాలతో, ఈఎంఐ మీద, అయిదు తీగల యాక్టివ్ బేస్ కొన్నాను. యాక్టివ్ అంటే లోపల చిన్న ప్రీయాంప్, దానికో 9 వోల్టుల బ్యాటరీ. కేబుల్ గుచ్చి వదిలేస్తే వాయించకపోయినా బ్యాటరీ అయిపోతూనే ఉంటుంది. ఆ సంగతి నాకు ఒక రిసెప్షన్లో, రెండో పాట మధ్యలో తెలిసింది. అయిదో తీగ మొత్తం ఏడాదిలో పదిసార్లు ముట్టుకున్నానేమో! తర్వాత దాన్ని అమ్మేసి సెకండ్ హ్యాండ్‌లో నాలుగు తీగల మామూలు పాసివ్ యమహా తీసుకున్నాను, ఇప్పటికీ అదే. లియో ఫెండర్ 1951లో తెచ్చిన ప్రెసిషన్ బేస్‌కి ఉన్నవీ నాలుగు తీగలే, బ్యాటరీ లేదు. ఇన్నేళ్ళయినా లోకం దాన్ని వదల్లేదు.

మిగిలిన డబ్బుతో సెటప్ చేయించండి. మన హైదరాబాదులో మే నెల ఎండకీ జూలై ముసురుకీ మధ్య గిటార్ మెడ కొంచెం వంగుతుంది. తీగలు ఎత్తుగా లేచిపోతాయి, లేదా ఫ్రెట్లకి తగిలి జరజరమంటాయి. లోపలి ట్రస్ రాడ్‌ని ఎలన్ కీతో పావు తిప్పు తిప్పితే సర్దుకునేదానికి చాలామంది గిటారే మార్చేస్తారు.

ఇక వాట్లు. 100 వాట్ల యాంప్ తీసేసి 200 వాట్లది పెడితే శబ్దం రెట్టింపు అవుతుందనుకుంటారు. పెరిగేది 3 డెసిబెల్సే. చెవికి రెట్టింపు అనిపించాలంటే సుమారు పదింతల పవర్ కావాలి. పైగా పెట్టె మీద రాసిన 300 వాట్లు 4 ఓమ్‌ల స్పీకర్‌కి. 8 ఓమ్‌లది తగిలిస్తే దాదాపు సగమే వస్తుంది. ఇవేవీ తెలీక నేను 15 అంగుళాల స్పీకరున్న పాత కాంబో ఒకటి కొన్నాను. ముప్పై కిలోలకి తక్కువ ఉండదు. దాన్ని ఆటోలో వేసుకుని బేగంబజార్ ట్రాఫిక్‌లో వెళ్ళడం ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు.

ఆ కాంబోతోనే పురానాపూల్ వెళ్ళాం. వినాయక నవరాత్రులు, ఆరో రోజు. పాత వంతెన దగ్గర ఒక గల్లీలో మండపం. (ఆ వంతెన 1578లో కట్టింది, హైదరాబాద్ కంటే పాతది. ప్రియురాలి కోసం కులీ మూసీ దాటేవాడు, అది చూసి తండ్రి వంతెన కట్టించాడు అని కథ చెబుతారు. అప్పటికి ఆ పిల్లాడికి పన్నెండు పదమూడేళ్ళు. సరే, అది వేరే టపా.)

అంతకు వారం ముందు, ప్రాక్టీసులో యాంప్ నుంచి "హుమ్మ్" అని ఒకటే రొద. ఎవరో చెప్పారు, ఎర్త్ తీసేస్తే పోతుందని. ప్లగ్గులో లావు పిన్ను పీకేశాను. రొద మాయం. నేను హీరో. ఎర్రర్ లాగ్ రాకుండా ఆపేసి బగ్ ఫిక్స్ అయిందని మెయిల్ కొట్టేవాడిని మనం ఆఫీసులో ఏమని తిడతామో, సరిగ్గా అదే పని నేను చేశాను.

ఆ రోజు సాయంత్రం వాన పడి తెరిపిచ్చింది. స్టేజీకి కరెంటు పక్కింటి నుంచి లాగిన వైరు. ఎక్స్‌టెన్షన్ బోర్డులో ప్లగ్గులు లేకుండా వట్టి తీగలు, అగ్గిపుల్లలతో బిగించి. దేవుడి ముందు కాబట్టి మేమందరం చెప్పులు విప్పేశాం. సౌండ్ చెక్ నుంచే తీగలు ముట్టుకుంటే వేళ్ళకి చీమలు పాకినట్టు చురచురమంటోంది. సౌండ్ కుర్రాడితో అంటే, "కుచ్ నై హోతా భయ్యా, బారిష్ హై నా" అన్నాడు. నాకూ అదే వినాలని ఉంది, విన్నాను.

నేను నిలబడ్డ చోట చెక్క మీద పొడి తివాచీ. మా సింగర్ ముందు వరసలో, తడి పట్టా మీద. మూడో పాటలో వాడికి ఊపొచ్చింది. కుడి చేతిలో మైకు పట్టుకుని నా దగ్గరికొచ్చి, ఎడం చేత్తో సరదాగా నా బేస్ మెడ పట్టుకున్నాడు. అంతే. అరవలేదు. నోరు తెరుచుకుని అలా బిగుసుకుపోయాడు. జనం యాక్షన్ అనుకుని ఈలలు వేశారు. మా డ్రమ్మర్ కర్రతో వాడి చేతి మీద కొడితే వదిలి పడ్డాడు. ఒకటో రెండో సెకన్లు అయుంటుంది. ఎడం చేతి వేళ్ళు తెల్లగా మాడాయి. ఆ రాత్రంతా హాస్పిటల్లో ఈసీజీ మెషీన్ పక్కన కూర్చున్నాను. వాళ్ళమ్మగారు నన్ను ఒక్క మాట అనలేదు. "నువ్వు తిన్నావా నాయనా" అని అడిగారు.

తర్వాత మెకానిక్ విప్పి చూపించాడు. యాంప్ లోపల ఒక వైరు పై తొడుగు పోయి లోహపు పెట్టెకి తగులుతోంది. పెట్టె నుంచి కేబుల్ తొడుగు ద్వారా గిటార్ బ్రిడ్జికి, అక్కణ్ణుంచి తీగలకి 230 వోల్టులు. ఎర్త్ ఉండుంటే అదే కరెంటు నేలలోకి పోయి ఫ్యూజు కొట్టేసేది. నేను పిన్ను పీకాను కాబట్టి, ఎర్త్ సరిగ్గా ఉన్న మైకు కోసం మావాడి రెండు చేతుల మధ్య నుంచి, అంటే గుండె మీదుగా, దారి వెతుక్కుంది. ఇదేమీ మన గల్లీల్లో మాత్రమే జరిగేది కాదు. స్టోన్ ద క్రోస్ అనే స్కాటిష్ బ్యాండ్ గిటారిస్టు లెస్ హార్వీ 1972లో స్వాన్సీలో స్టేజీ మీదే ఎర్త్ సరిగ్గా లేని మైకు పట్టుకుని చనిపోయాడు. మావాడు బతికాడు, అంతే తేడా.

కాబట్టి కొత్తగా వచ్చేవాళ్ళకి నా అభిప్రాయం సూటిగా: యాంప్ చిట్టచివర కొనండి, అసలు కొనకపోయినా పర్లేదు. ఫంక్షన్ల వాళ్ళకి పెద్ద సౌండ్ సిస్టం ఎలాగూ ఉంటుంది. ఒక డీఐ బాక్స్ కొనుక్కుని నేరుగా మిక్సర్‌కి ఇచ్చేయండి. హమ్ వస్తే డీఐ మీద గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్ ఉంటుంది. అది సిగ్నల్ కేబుల్ తొడుగునే విడదీస్తుంది, కరెంటు ఎర్త్‌ని ముట్టుకోదు. అందుకే ఆ స్విచ్ వాడొచ్చు, పిన్ను పీకకూడదు. నా సంచిలో ఇప్పుడు సాకెట్ టెస్టరూ, 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ బిగించిన సొంత బోర్డూ ఉంటాయి. ఎర్త్ లేని చోట కూడా కరెంటు పక్కదారి పడితే ఆర్‌సీసీబీ కట్ చేస్తుంది. వీలైతే గిటార్‌కి వైర్‌లెస్ పెట్టుకోండి, మీకూ యాంప్‌కీ మధ్య తీగే ఉండదు. కాకపోతే వైఫై ఎక్కువున్న ఫంక్షన్ హాళ్ళలో 2.4 గిగాహెర్ట్జ్‌వి మధ్యమధ్యలో మూగబోతాయి.

వినపడటానికి ఒక చిట్కా కూడా: డప్పులూ ఢోలక్కులూ ఉన్నచోట బేస్ నాబ్ పెంచకండి, తగ్గించండి. మిడ్ పెంచండి. కింది అంతస్తు అంతా వాళ్ళే ఆక్రమించేశారు, అక్కడ పోట్లాడి లాభం లేదు.

ఇవన్నీ కలిపినా నేను ఆ అయిదు తీగలదానికి కట్టిన ఈఎంఐల్లో మూడో వంతు కాదు. ఇంతా చెప్పాక ఆ కుర్రాడు మళ్ళీ "అయితే అన్నా, ఎన్ని వాట్లు?" అంటే నేనేం చెయ్యలేను :)

మావాడు ఇంకా మాతోనే పాడుతున్నాడు. నా బోర్డూ, టెస్టరూ వాడి కళ్ళ ముందే పెట్టి చూపిస్తాను ప్రతిసారీ. అయినా స్టేజీ మీద నా పక్కకి వస్తే, ఎడం చెయ్యి వీపు వెనక్కి పెట్టుకునే వస్తాడు.