సొంత మూలకణాలతో మోకాలి చికిత్స: హామీ ఎంత, ఆధారం ఎంత?

సూరత్‌లో తపతి నదికి పశ్చిమాన విస్తరించిన అడాజన్ ప్రధానంగా మధ్యతరగతి, సంపన్న కుటుంబాల నివాస ప్రాంతం. ఆవలి ఒడ్డున లింబాయత్, ఉధనాల్లో తెలంగాణ నుంచి వలస వెళ్లిన పద్మశాలీ కుటుంబాలు దశాబ్దాలుగా మరమగ్గాలపై జీవిస్తున్నాయి. షిఫ్టంతా మగ్గం ముందు నిలబడే కార్మికుడినైనా, అపార్ట్‌మెంట్ మెట్లు ఎక్కలేని వృద్ధుడినైనా మోకాలి నొప్పి అడిగే ప్రశ్న ఒక్కటే: కీలు మార్పిడి లేకుండా గట్టెక్కే దారి ఉందా? ‘మీ సొంత మూలకణాలతోనే అరిగిన మృదులాస్థిని బాగు చేయవచ్చు’ అన్న మాట ఆకట్టుకునేది ఇక్కడే.

ఈ ఆశకు శాస్త్రీయ నేపథ్యం లేకపోలేదు. మృదులాస్థికి రక్తనాళాలు ఉండవు కనుక దెబ్బతింటే తనంతట తాను మానడం అరుదు. స్వీడన్ వైద్యులు రోగి మోకాలి నుంచే చిన్న మృదులాస్థి ముక్క తీసి, అందులోని కణాలను ప్రయోగశాలలో పెంచి, దెబ్బతిన్న చోట తిరిగి అమర్చారు. ఆ ఫలితాలు 1994లో వెలువడ్డాయి. ఈ కోవకే చెందిన ‘కార్టిగ్రో’కు భారత ఔషధ నియంత్రణ సంస్థ 2017లో అనుమతి ఇచ్చింది. అయితే అవి ఎదిగిన మృదులాస్థి కణాలు, మూలకణాలు కావు. పైగా ఈ పద్ధతి ప్రధానంగా గాయం వల్ల ఒకచోట ఏర్పడిన లోపానికే తప్ప, కీలంతా అరిగిన ఆర్థరైటిస్‌కు ఉద్దేశించినది కాదు.

ఆర్థరైటిస్ కోసం 2022లో ‘స్టెంప్యూసెల్’కు అనుమతి లభించింది. అవి మూలకణాలే, కానీ రోగివి కావు. దాతల ఎముక మజ్జ నుంచి తీసి పెంచినవి. అంటే ఈ రెండింటిలో సొంత కణాలున్నది మూలకణ చికిత్స కాదు, మూలకణాలున్నది సొంత కణాల చికిత్స కాదు. వినే రోగికి మాత్రం రెండూ ఒకటిగానే తోస్తాయి.

మూడో పద్ధతి మరొకటి ఉంది. కటి ఎముక నుంచి మజ్జ తీసి, యంత్రంలో తిప్పి గాఢపరిచి, అదే పూట మోకాలిలోకి ఎక్కిస్తారు. అందులో మూలకణాల వాటా అత్యల్పం. అమెరికాలో 470 మందికి పైగా రోగులపై జరిగిన పరిశోధన 2023లో నేచర్ మెడిసిన్‌లో వెలువడింది. రోగి సొంత మజ్జ, సొంత కొవ్వు కణాలు, దాతల బొడ్డుతాడు కణాలు – వీటిలో ఏదీ ఏడాది తర్వాత సాధారణ స్టెరాయిడ్ ఇంజెక్షన్‌ను మించలేదు.

చట్టపరంగానూ చిక్కుంది. ప్రయోగశాలలో పెంచిన మూలకణాల ఉత్పత్తిని 2019 నిబంధనలు కొత్త ఔషధంగా పరిగణిస్తాయి. కేవలం గాఢపరిచిన మజ్జ ఆ నిర్వచనంలో ఇమడదు. అయితే భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాలు రక్త సంబంధ వ్యాధులకు చేసే మజ్జ మార్పిడి వంటివి మినహా, మూలకణాల వినియోగమంతా అనుమతి పొందిన క్లినికల్ ట్రయల్స్‌లోనే జరగాలంటున్నాయి.

కనుక సూరత్‌లోనైనా, సిరిసిల్లలోనైనా డబ్బు కట్టే ముందు కుటుంబం అడగవలసిన ప్రశ్నలు రెండే: ఇది అనుమతి ఉన్న ఉత్పత్తేనా? కాకపోతే ట్రయల్ నమోదు సంఖ్య ఏది? ఆ సంఖ్యను సీటీఆర్‌ఐ వెబ్‌సైట్‌లో ఎవరైనా ఉచితంగా సరిచూసుకోవచ్చు.