పిల్లల మోకాలి నొప్పికి ముందు మామూలు ఎక్స్‌రే చాలదా?

మీ అబ్బాయికి 14 ఏళ్లు. మోకాలి పైభాగంలో నొప్పి అంటున్నాడు. ఎదిగే వయసు నొప్పులేనని మీరు సరిపెట్టుకుంటారు. లేదంటే ఆటలో తగిలిన దెబ్బనుకుని నూనె మర్దన, నాటుకట్టు! నెల గడిచాక కంగారుపడి నేరుగా ఎంఆర్‌ఐకి పరుగెడతారు. ఈ రెండింటి మధ్య, కొన్ని వందల రూపాయల్లో అయిపోయే మామూలు ఎక్స్‌రేను మనం చిన్నచూపు చూస్తున్నామన్నది నా అభిప్రాయం.

ఎముక క్యాన్సర్ అరుదే. కానీ పిల్లల్లో ఎక్కువగా కనిపించే ఆస్టియోసార్కోమా చాలావరకు 10 - 20 ఏళ్ల మధ్య, అదీ మోకాలి చుట్టుపక్కలే వస్తుంది. ఎక్స్‌రేలో డాక్టర్లు మొదట చూసేది గడ్డ అంచును. నెమ్మదిగా పెరిగే గడ్డ చుట్టూ ఎముక తెల్లటి గట్టు కట్టుకుంటుంది. వేగంగా పెరిగేది ఆ వ్యవధి ఇవ్వదు. మంచి ఎముక ఎక్కడ ముగిసిందో తెలియదు, చెదలు తిన్న చెక్కలా ఉంటుంది. ఎముక పైపొరను గడ్డ పైకి నెట్టేస్తే అంచున త్రికోణంలా లేస్తుంది. దీన్నే కాడ్‌మన్ త్రికోణం అంటారు. ఒక్కోసారి సూర్యకిరణాల్లాంటి గీతలు, ఈవింగ్ సార్కోమాలోనైతే ఉల్లిపొరల్లాంటివి కనిపిస్తాయి. గడ్డ ఎంత మేర పాకిందో చెప్పడంలో ఎంఆర్‌ఐదే పైచేయి. దాని స్వభావాన్ని పసిగట్టడంలో మాత్రం ఈ పాత ఎక్స్‌రేను తీసిపారేయలేం.

అలాగని ఫిల్మ్ చూసి క్యాన్సరేనని తీర్పు చెప్పేయడమూ తప్పే. ఎముకలో చీము పట్టినా అచ్చం ఇలాగే కనిపించవచ్చు. మరో చిక్కు ఉంది. ఎముకలో 30 నుంచి 50 శాతం ఖనిజం తగ్గితేగానీ ఎక్స్‌రేలో తేడా తెలియదు. కాబట్టి 'నార్మల్' అని వచ్చినా నొప్పి తగ్గకపోతే, ముఖ్యంగా రాత్రిళ్లు నిద్ర చెడగొడుతుంటే, వాపు కనిపిస్తుంటే మళ్లీ డాక్టర్ దగ్గరకు వెళ్లండి. ఎంఆర్‌ఐ అవసరమయ్యేది అప్పుడే.

అనుమానం బలపడితే మీ ఊళ్లో దగ్గరగా ఉందని ఎక్కడపడితే అక్కడ బయాప్సీ చేయించొద్దు. ఆపరేషన్ ఎక్కడ చేయించాలనుకుంటున్నారో అక్కడే చేయించండి. సూది వెళ్లిన దారిని కూడా గడ్డతోపాటు తీసేయాల్సి ఉంటుంది. ఆ దారి తప్పుగా పడితే, కాపాడుకోగలిగిన కాలు కూడా పోగొట్టుకోవాల్సి రావచ్చు. వెళ్లేటప్పుడు రిపోర్టు కాగితం ఒక్కటే కాదు, మొదట తీయించిన ఎక్స్‌రే ఫిల్మ్ కూడా వెంట తీసుకెళ్లండి.