కోసేసిన కొస

బైకు మీద ఇద్దరు వస్తారు. వీధిలో ఆడుకుంటున్న పిల్లల్లో ఒకణ్ణి ఎత్తుకుపోతారు. 2018లో మన వాట్సాప్ గ్రూపుల్లో తెగ తిరిగిన వీడియో ఇది. నిజానికి అది పిల్లల భద్రత కోసం కరాచీలో తీసిన చిత్రం. చివర్లో ఆ ఇద్దరూ వెనక్కి వచ్చి పిల్లవాణ్ణి దింపేస్తారు, పిల్లల్ని కనిపెట్టుకోమని రాసిన అట్ట చూపిస్తారు. ఆ కొసను ఎవరో కోసేశారు. మిగిలిన ముక్కకు పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠా దిగిందన్న మాట తగిలించారు. ఆ ఏడాది ఇలాంటి పుకార్లకే మన తెలుగు ఊళ్లలోనూ కొత్త ముఖాలను కొట్టి చంపారు. జులై 1న మహారాష్ట్రలోని ధూళే జిల్లా రైన్‌పాడాలో ఒక్కరోజే ఐదుగురు బలయ్యారు.

ఆ కొస పోయిందని చూసేవాళ్లకు తెలిసే దారి ఉందా? ఇప్పుడు ఉంది. వీడియో తీసినవారు దానికి డిజిటల్ సంతకం చేస్తే, ఆ తర్వాత ఒక్క సెకను కత్తిరించినా సంతకం సరిపోలదు. అడోబీ, మైక్రోసాఫ్ట్, బీబీసీ తదితర సంస్థలు 2021లో కలిసి మొదలుపెట్టిన సీటూపీఏ పద్ధతి ఇదే. చిక్కల్లా ఆ సంతకం ఫైలుకు అంటుకుని ఉండే సమాచారం కావడమే. స్క్రీన్‌షాట్ తీస్తే రాలిపోతుంది. అందుకే వాటర్‌మార్క్ కావాలి. ఐదొందల నోటును వెలుతురుకు పట్టి చూస్తామే, అలా బొమ్మలోనే కలిసిపోయి, కంటికి ఆనకుండా, యంత్రానికి మాత్రం దొరికే గుర్తు. గూగుల్ 2023లో తెచ్చిన సింథ్‌ఐడీ ఆ కోవలోదే. కృత్రిమ మేధ గీసిన బొమ్మల్లో ఆ గుర్తు వేసినవాటిని పట్టిస్తుంది.

ఇంతవరకూ నాకు పేచీ లేదు. ఎవరి మాటలకు గుర్తు వేయాలన్నదే నా ఆందోళన. 2019లో మద్రాసు హైకోర్టు ముందు ఐఐటీ మద్రాస్ ఆచార్యులు వి. కామకోటి, ప్రతి వాట్సాప్ సందేశానికీ మొదట పంపినవారి ఆనవాలు జోడించవచ్చని ప్రతిపాదించారు. ఐఐటీ బాంబే ఆచార్యులు మనోజ్ ప్రభాకరన్ దాన్ని గట్టిగా వ్యతిరేకించారు. అయినా 2021 ఐటీ నిబంధనల్లో, ఆదేశిస్తే మొదట పంపినవారెవరో చెప్పాలన్న షరతు వచ్చింది. దాన్ని సవాలు చేస్తూ వాట్సాప్ ఢిల్లీ హైకోర్టుకు వెళ్లింది.

ఆ షరతును నేను ఒప్పుకోను. ఆఫీసులో లంచం అడుగుతుంటే ఫోన్‌లో తీసిన రైతు పేరు ఆ వీడియో వెంట ఊరంతా తిరిగితే, రేపు ఆయన పాస్‌బుక్ పని ఎవరు చేస్తారు? సంతకం చేయాల్సింది ఆయన కాదు, అధికారంతో మాట్లాడేవాళ్లు. వానలు పడగానే రేపు బడులకు సెలవంటూ పాత ప్రకటన మీద తేదీ మార్చి తిప్పుతారు. అసలుదీ నకిలీదీ ఫోన్‌లో ఒకేలా కనిపిస్తాయి. కలెక్టరు సెలవు ప్రకటన, పోలీసు హెచ్చరిక, వరద సమాచారం, పరీక్షల వేళలు... వీటన్నిటికీ సంతకం, దాన్ని గుర్తుచేసే వాటర్‌మార్క్ ముందు ఉండాలి. నొక్కగానే ఏ కార్యాలయం, ఏ తేదీ, మధ్యలో ఎవరైనా మార్చారా అన్నది తెలుగులో కనిపించాలి. ఈ పని మొదలుపెట్టడానికి జిల్లా యంత్రాంగం ఏ కోర్టు తీర్పు కోసమూ ఆగనక్కర్లేదు.