పలకతోపాటు తాళం

ఛాందోగ్యోపనిషత్తు సప్తమాధ్యాయంలో నారదమహర్షి సనత్కుమారుని చెంతకు శిష్యభావంతో వచ్చి, తాను అభ్యసించిన విద్యలను వరుసగా విన్నవిస్తాడు. వేదాలు, గణితం, తర్కం, నక్షత్రవిద్య చెప్పి, చివర దేవజనవిద్యను పేర్కొంటాడు. ఆ పదం గీతనృత్యవాద్యశిల్పాది విజ్ఞానాలను తెలుపుతుందని శంకరభగవత్పాదుల వ్యాఖ్యానం. ఇన్ని తెలిసినా శోకం తీరలేదన్నదే నారదుని ఆవేదన. నిజమే, కళయే మోక్షం కాదు. కాని ఆత్మజ్ఞానార్థియైన ఆ మహర్షి, తన విద్యల పట్టికలో గణితానికీ గీతానికీ ఒకే పంక్తిలో స్థానమిచ్చాడు.

నేటి ప్రాథమిక పాఠశాలలో ఆ పంక్తి చెదిరిపోయింది. 2009 నాటి విద్యాహక్కు చట్టపు షెడ్యూలు, 6 నుండి 8వ తరగతి వరకు, అదియును విద్యార్థుల సంఖ్య 100 దాటినచోటనే, కళావిద్యకు పార్ట్ టైం బోధకుని విధించింది. 1 నుండి 5వ తరగతి వరకు అట్టి బోధకుని ప్రస్తావనయే లేదు. చెవి లేతగా ఉండి, విన్న స్వరాన్ని విన్నట్లే పట్టుకొనే వయస్సును విడిచి, సిగ్గు మొదలయ్యే వయస్సులో గురువును పంపడం విపరీతక్రమం. పాఠ్యప్రణాళికలో కళ ఉన్నది, నేర్పే మనిషి లేడు. ఐదు తరగతులను ఇద్దరు ఉపాధ్యాయులు మోసే బడిలో ఆ లోపాన్ని వారిపై మోపడం అన్యాయం. ఫలితంగా కళ అంటే వార్షికోత్సవంనాడు స్పీకరులో సినిమా పాట, ముందు వరుసలో చురుకైన నలుగురు పిల్లలు, తక్కినవారి చప్పట్లు. నాట్యవేదం సర్వవర్ణాలకూ చెందిన పంచమవేదమని భరతముని శాస్త్రం చెబుతుంది. ఇప్పుడది నెలనెలా రుసుము చెల్లించగలవారి బిడ్డలకే అందుతున్నది.

వికారాబాద్ జిల్లా పరిగి వంటి ప్రాంతంలో ఈ లోపం మరింత బాధాకరం, ఎందుకంటే అక్కడ కళకు కరవు లేదు. బతుకమ్మ పేర్చే ఇంట ఏడేండ్ల బాలిక తల్లి ప్రక్కన కూర్చొని తంగేడు, గునుగు పూలను వలయాలుగా అమర్చుతుంది. పైకి పోయినకొద్దీ వలయం ఎంత కుంచించాలో ఆమె చేతికే తెలుసు. ఆ వేళ్ళకే బడిలో రంగుల పెన్సిలిచ్చి, అచ్చువేసిన బొమ్మలో గీత దాటకుండా రంగు నింపమంటారు. తెలంగాణ పల్లెలలో చిరుతల రామాయణం ఆడిన వృద్ధులు, హనుమంతుని గుడిలో భజనకు తాళం పట్టేవారు ఇంకా ఉన్నారు. వారి ప్రక్కన కూర్చొనే చిన్నవారే తగ్గిపోయారు.

ఇక్కడ ఒక ఆక్షేపం సహజం. ప్రభుత్వ పాఠశాల సర్వమతాల బిడ్డలది, పరిగిలోనూ అంతే. ప్రభుత్వధనంతోనే నడిచే విద్యాసంస్థలో మతబోధ కూడదని రాజ్యాంగపు 28వ అధికరణం. భక్తులు ఈ ఆక్షేపాన్ని విసుగుతో త్రోసిపుచ్చరాదు. సమాధానం సంప్రదాయంలోనే ఉన్నది. మాయామాళవగౌళలో సరళీ స్వరాలను బాలశిక్షగా ఏర్పరచినవారు పురందరదాసులని ప్రసిద్ధి. ఆజన్మాంతం విఠలుని కీర్తించిన ఆ మహాభక్తుడు, మొదటి పాఠంలో ఏ దేవుని పేరూ పెట్టలేదు. ఉన్నవి సప్తస్వరాలే. సాహిత్యం తరువాతి మెట్టు, అది ఇంటిలోనో గుడిలోనో ఎక్కవచ్చు. భజన చేసే వృద్ధుడు బడికి తీసికొని రావలసినది తన కీర్తనను కాదు, తన లయను.

ఆదితాళాన్నే తీసికొందాము. నాలుగు అక్షరాల లఘువు, రెండేసి అక్షరాల ద్రుతాలు రెండు, మొత్తం ఎనిమిది. దీనివలన లెక్కలు బాగా వస్తాయని కొందరు సమర్థిస్తారు. రావచ్చును గాని, ఆ వాదం కళను గణితానికి పరిచారికను చేస్తుంది. అసలు జరిగేది వేరు. ముప్పదిమంది పిల్లలు ఒకే లయలో చేయి వేస్తున్నప్పుడు తొందరపడిన బాలుడు తనంతట తాను ఆగి, ప్రక్కవాని చేతిని చూచి కలుస్తాడు. గురువు మందలించలేదు, మార్కులు తగ్గించలేదు. మనోనిగ్రహమని శాస్త్రాలు చెప్పే దానికి ఆరేండ్ల వయస్సులో ఇంతకంటె సుకుమారమైన ఆరంభం దుర్లభం. పోటీలు, బహుమతులు ఆ వయస్సున చేరితే మాత్రం ఇదంతా చెడుతుంది. ప్రక్కవాడు అప్పుడు లయలో తోడు కాడు, ప్రత్యర్థి.

మిగిలినది వ్యయం. తాళం నేర్పగల ఆ వృద్ధుడు చాలచోట్ల దినకూలి. వారానికి రెండు మధ్యాహ్నాలు బడికి రమ్మంటే ఆ కూలి పోతుంది. సేవ అన్న పేరుతో ఆ నష్టాన్ని అతనిపైనే వేయడం ధర్మం కాదు. అనేక గ్రామాలలో ఆలయ కమిటీలు ఉత్సవాలకు పెద్ద స్పీకర్లకై చందాలు వసూలు చేస్తాయి. ఒక్క ఏడాది ఆ స్పీకర్ల అద్దెను ఆపి, ప్రధానోపాధ్యాయుని అనుమతితో ఒక కళాకారునికి గౌరవవేతనంగా ఇస్తే చాలు, రెండు జతల తాళాలూ ఒక డప్పూ కూడా అందులోనే వస్తాయి. ఉత్సవం రాత్రి కొంత నిశ్శబ్దంగా గడవవచ్చు. భజనలో తాళం తప్పితే వినబడేటంత నిశ్శబ్దం.