ముందు కాళ్లు కాపాడుకుందాం!



దుర్యోధనుడి కథ మనందరికీ తెలిసిందే. గాంధారి చూపుతో ఒళ్లంతా వజ్రంలా మారినా, బట్ట అడ్డమున్న తొడలు మాత్రం మామూలుగానే మిగిలిపోయాయని, భీముడు అక్కడే కొట్టి పడగొట్టాడని మన ఊళ్లలో పెద్దలు చెబుతారు. కథ సంగతి ఎలా ఉన్నా, పైన ఎంత బలమున్నా కింద రక్షణ లేకపోతే మనిషి నిలబడలేడన్నది నిజం. కుస్తీలోనూ, కబడ్డీలోనూ, ఆత్మరక్షణ విద్యల్లోనూ ఇది రోజూ రుజువవుతూనే ఉంది.

మన వార్షికోత్సవాల్లో కరాటే నేర్చుకున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు స్టేజీ మీద పెంకులు పగలగొడితే హాలంతా చప్పట్లు. కబడ్డీలో రైడర్ కాలు ఒడిసి పట్టినవాడికి ఈలలు. బాగానే ఉంది. కానీ ఎదుటివాడు కాళ్లలోకి దూరినప్పుడు పడకుండా నిలబడ్డవాడికి ఎవరైనా చప్పట్లు కొట్టారా? కొట్టరు. చూడ్డానికి అందులో ఏమీ లేదు కదా! చప్పట్లు లేవు కాబట్టి నేర్పేవాళ్లూ తక్కువ, నేర్చుకునేవాళ్లూ తక్కువ.

ఈ హాస్టల్లోనే తిని, ఈ గ్రౌండులోనే మోకాళ్లు చెక్కుకుని పెద్దవాళ్లమైన మేము ఈ సంచిక ద్వారా చెప్పదలుచుకున్నది ఒక్కటే. మన హాస్టళ్లలో ఏ పోరాట విద్య నేర్పినా మొదటి పాఠం కాళ్ల రక్షణ కావాలి. పట్లు, గుద్దులు, తన్నులు ఆ తర్వాతే.

కాళ్లకే ఎందుకు వస్తారు?

మనిషి ఎంత బరువున్నా ఆ బరువంతా మోసేది రెండు కాళ్లే. ఆ రెండింటినీ ఒక్కసారి లాగేస్తే పైనున్న కండలన్నీ వృథా. రెండు కాళ్లు పట్టే డబుల్ లెగ్ అనే పట్టులో ఎదుటివాడు ఉన్నట్టుండి మోకాళ్లు వంచి కిందికి దిగుతాడు. తల మన పక్కటెముకలకు ఆనించి, రెండు చేతులూ మన మోకాళ్ల వెనక బిగించి, ముందుకు తోసుకుంటూ పోతాడు. ఒక్క కాలే పడితే అది సింగిల్ లెగ్. సన్నగా ఉన్న కుర్రాడు కూడా తనకంటే చాలా బరువున్నవాణ్ణి ఇలా పడేయగలడు.

1993 నవంబరు 12న అమెరికాలోని డెన్వర్‌లో మొదటి యుఎఫ్‌సీ పోటీలు జరిగాయి. ఏ విద్య తెలిసినవాళ్లయినా ఒకరితో ఒకరు తలపడవచ్చన్నది అక్కడి పద్ధతి. బ్రెజిల్‌కు చెందిన జియుజిట్సు యోధుడు రాయిస్ గ్రేసీ మీదికి ఆర్ట్ జిమ్మర్సన్ అనే బాక్సర్ ఒక చేతికే గ్లవ్ తొడుక్కుని వచ్చాడు. గ్రేసీ అతని కాళ్లు పట్టి పడేసి, గుండెల మీద కూర్చున్నాడు. రెండున్నర నిమిషాలు కూడా కాకముందే బాక్సర్ ఓటమి ఒప్పుకున్నాడు. అతనికి గుద్దడం రాక కాదు. నిలబడి ఉంటేనే కదా గుద్దేది!

రెండు ఆగస్టు 6లు

మన దేశంలోనే రెండు ఉదాహరణలున్నాయి. బజరంగ్ పునియా ప్రపంచ స్థాయి మల్లయోధుడు. దమ్ములో, దూకుడులో అతనికి సాటి వచ్చేవాళ్లు తక్కువ. కానీ కాళ్ల రక్షణలో వెనుకబాటు అతన్ని ఏళ్ల తరబడి వెంటాడింది. పత్రికలు దీని గురించి ఎన్నోసార్లు రాశాయి. 2018 బుడాపెస్ట్ ప్రపంచ పోటీల 65 కిలోల ఫైనల్లో జపాన్ కుర్రాడు తకుతో ఒతోగురో చేతిలో 9-16తో ఓడాడు. తొమ్మిది పాయింట్లు సంపాదించడం చిన్న విషయమా? కానీ పదహారు ఇచ్చుకున్నాడు. టోక్యో ఒలింపిక్స్‌లో 2021 ఆగస్టు 6న సెమీఫైనల్లో అజర్‌బైజాన్‌కు చెందిన హాజీ అలియెవ్ పదేపదే కాళ్ల మీదికే వచ్చి 12-5తో గెలిచాడు. బజరంగ్ అప్పటికే మోకాలి గాయంతో ఉన్నాడన్నది నిజమే. మర్నాడు పోరాడి కాంస్యం తెచ్చాడు, దేశం గర్వపడింది. ఫైనల్ మాత్రం చేజారింది.

సరిగ్గా మూడేళ్లకు, 2024 ఆగస్టు 6న, పారిస్‌లో వినేశ్ ఫోగాట్ 50 కిలోల మొదటి పోటీలోనే జపాన్‌కు చెందిన యుయి సుసాకితో తలపడింది. సుసాకి టోక్యో స్వర్ణ విజేత, అంతర్జాతీయ పోటీల్లో అంతవరకు విదేశీయుల చేతిలో ఓడిందే లేదు. వినేశ్ తొందరపడలేదు. చేతులతో అడ్డుకుంటూ, దూరం కొలుచుకుంటూ ఆమెను కాళ్ల దాకా రానివ్వలేదు. సుసాకికి వచ్చిన రెండు పాయింట్లూ వినేశ్ ముందుకు రావడం లేదని రిఫరీ ఇచ్చినవే. పట్టుతో సంపాదించినవి కావు. చివరి క్షణాల్లో వినేశ్ ఒక్కసారి కదిలి సుసాకిని పడేసింది. 3-2తో గెలిచింది. మర్నాడు వంద గ్రాముల బరువు ఎక్కువుందని ఆమెను పోటీ నుంచి తప్పించారు. ఆ బాధ వేరు. కానీ ఆ విజయం ఎలా వచ్చిందో మనం మర్చిపోకూడదు. కాళ్లు కాపాడుకున్నది కాబట్టే చివరి క్షణం దాకా ఆటలో ఉంది.

నాలుగు మెట్లు

కాళ్ల రక్షణ అంటే ఏదో రహస్య విద్య కాదు. డబ్బు ఖర్చయ్యేదీ కాదు. నాలుగు మెట్లు వరసగా నేర్చుకుంటే చాలు.

మొదటిది నిలబడే తీరు. మోకాళ్లు కొంచెం వంచి, బరువు మునివేళ్ల వైపు ఉంచి, మోచేతులు ఒంటికి దగ్గరగా పెట్టుకోవాలి. నిటారుగా నిలబడ్డవాడి కాళ్లు సులువుగా దొరుకుతాయి. చేయి చాపితే అందేంత దగ్గరలో ఊరికే నిలబడకూడదు.

రెండోది చేతుల అడ్డు. ఎదుటివాడు కిందికి దిగగానే అతని భుజాలకో, నుదుటికో మన అరచేయి, ముంజేయి అడ్డం పడాలి. తల మన ఒంటికి ఆనకపోతే పట్టు బిగుసుకోదు.

మూడోది స్ప్రాల్. చేతుల అడ్డు దాటి వచ్చేశాడనుకోండి, రెండు కాళ్లూ ఒక్కసారిగా వెనక్కి విసిరి, మన నడుము బరువంతా అతని భుజాల మీద, వీపు మీద పడేయాలి. చాలామంది వంగి అతన్ని తోయబోతారు, కాళ్లు మాత్రం ఉన్నచోటే ఉంటాయి. అది పొరపాటు. చేతుల కంటే ముందు తుంటి వెనక్కి పోవాలి. ఇది సరిగ్గా చేస్తే అతను కిందా, మనం పైనా ఉంటాం. అక్కడి నుంచి వెనక్కి తిరిగి నడుము పడితే కుస్తీలో రెండు పాయింట్లు మనవే.

నాలుగోది, కాలు దొరికిపోయాక. ఒక కాలు అతని చేతిలో ఉంటే భయపడి వెనక్కి వాలకూడదు. అటువైపు చేయిని అతని చంక కిందికి పోనిచ్చి బిగించాలి. రెండో చేత్తో తల కిందికి నొక్కాలి. ఒంటికాలి మీద గెంతుతూనే పట్టిన కాలి మోకాలిని బయటికి తిప్పి లాక్కోవాలి. అప్పటికీ పడక తప్పదనుకుంటే పడడం తెలియాలి. గడ్డం ఛాతీకి ఆనించాలి, తల నేలకు తగలకూడదు. చేయి నిటారుగా చాపి నేలకు ఆనించామా, మణికట్టో మోచెయ్యో విరుగుతుంది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం కాకుండా, పడడం అన్నిటికంటే ముందే నేర్పాలని మా సలహా.

కొందరి అభ్యంతరాలు

"జూడోలో కాళ్లు పట్టడమే నిషేధించారు కదా, ఇక రక్షణ ఎందుకు?" అని ఒక మిత్రుడు అడిగాడు. నిజమే. అంతర్జాతీయ జూడో సమాఖ్య 2010లో కాళ్లు పట్టడం మీద ఆంక్షలు పెట్టి, 2013లో నిలబడి చేసే పోరులో బెల్టు కింద పట్టుకోవడాన్ని పూర్తిగా నిషేధించింది. గ్రీకో రోమన్ కుస్తీలోనూ నడుము కింద పట్టు లేదు. కానీ నిబంధన కాపాడేది మ్యాట్ మీదే. ఫ్రీస్టైల్ కుస్తీలో ఆ నిబంధన లేదు. కబడ్డీలో లేదు. వీధిలో ఏ నిబంధనా లేదు. నిబంధనల నీడలోనే పెరిగిన విద్య ఎండలోకి వస్తే వాడిపోతుంది.

"దాడే అసలైన రక్షణ" అని ఇంకొందరంటారు. బజరంగ్ కథ చదివాక కూడా ఆ మాట అనగలమా? పడతానన్న భయం ఉన్నవాడు ధైర్యంగా దాడి చేయలేడు. పడనన్న నమ్మకం ఉన్నవాడే ముందడుగు వేస్తాడు.

"ఆడపిల్లలకు కరాటే నేర్పిస్తున్నాం కదా" అన్నది మూడో మాట. చాలా మంచి పని. కానీ తన్నడానికి కాలెత్తిన క్షణంలోనే కాలు దొరికిపోయే ప్రమాదం ఉంది. అప్పుడేం చేయాలో చెప్పకుండా తన్ను మాత్రమే నేర్పితే అది సగం చదువే. అక్కడ చెల్లెమ్మకు కావలసింది పాయింట్లు కాదు. కాలు విడిపించుకుని, నిలబడి, పరుగెత్తి బయటపడడం.

మన గ్రౌండు సంగతి

మన పిల్లలకు బాగా తెలిసిన ఆట కబడ్డీ. చీలమండ పట్టు, తొడ పట్టు మనవాళ్లకు వెన్నతో పెట్టిన విద్య. రైడర్‌కు మాత్రం మనం నేర్పేది "కూత ఆపకు, గీత తాకు" అన్నంతవరకే. కాలు అందించి వెంటనే లాక్కోవడం, చీలమండ దొరికితే పట్టు బిగియకముందే మోకాలు తిప్పడం, వెనక్కి కాకుండా మధ్యగీత వైపు ఒళ్లు వాల్చడం నేర్పితే ఎంత తేడా ఉంటుందో! పట్టుబడ్డ రైడర్ గీత తాకితే, తాకిన వాళ్లందరూ ఔటే కదా.

అన్నిటికంటే ముఖ్యం నేల. సిమెంటు మీద, గట్టి మొరం మీద ఇవేవీ సాధన చేయకూడదు. మ్యాట్లు వచ్చేదాకా ఆగనక్కర్లేదు. పాత తాలింఖానాల్లో మల్లయోధులు మట్టి తవ్వి, రాళ్లు ఏరి, నూనె, పసుపు, మజ్జిగ కలిపి గోదా తయారుచేసుకునేవాళ్లు. మనం ఒక మూల జానెడు లోతున తవ్వి, జల్లించిన ఇసుక పోసుకున్నా చాలు. సాధన చేసేటప్పుడు ఒక సీనియర్ పక్కనే ఉండాలి. ఈడూ బరువూ చూసి జత కట్టాలి. మెడ పట్లు, మోకాలు మెలిపెట్టే పట్లు పిల్లలకు అసలే వద్దు.

మన తాతలు బతకడానికి ఎవరెవరి కాళ్లో పట్టుకోవాల్సి వచ్చింది. ఈ హాస్టళ్లు, ఈ చదువులు మనల్ని ఆ స్థితి నుంచి లేపి నిలబెట్టాయి. నిలబడ్డవాళ్లం పడిపోకుండా ఉండడం కూడా నేర్చుకోవాలి కదా!

అందుకే వార్డెన్ గారికి, పూర్వ విద్యార్థులకు మా మనవి. రెండు ట్రాక్టర్ల ఇసుక, వారానికి రెండు సాయంత్రాలు, నేర్పగలిగిన ఒక అన్న లేదా అక్క. ఇంతే కావాలి. ఇసుక ఖర్చు పూర్వ విద్యార్థులం మేము పెట్టుకుంటాం. వచ్చే వార్షికోత్సవంలో పెంకులు పగలగొట్టే తమ్ముడితోపాటు, ముగ్గురు వరసగా కాళ్లకు దూరినా పడకుండా నిలబడ్డ చెల్లెమ్మను కూడా స్టేజీ ఎక్కిద్దాం. ఆ రోజు మొదటి చప్పట్లు మావే.