ఆటిజం పిల్లలకు సీటు హక్కే.. మరి ఖర్చు ఎవరిది?

యూఏఈలో ఆటిజం ఉన్న బిడ్డకు బడిలో చోటు అడగడం దయ కోసం చేయి చాచడం కాదు. 2006 నాటి 29వ నంబరు ఫెడరల్ చట్టం ప్రభుత్వ, ప్రైవేటు విద్యాసంస్థలు రెండింటిలోనూ వైకల్యం ఉన్నవారికి సమాన అవకాశం ఇవ్వాలని చెప్పింది. 2017లో ప్రభుత్వం వారిని ‘పట్టుదల గలవారు’ అని పిలవడం మొదలుపెట్టింది. అదే ఏడాది నవంబరులో దుబాయ్‌లో ప్రైవేటు స్కూళ్లను పర్యవేక్షించే కేహెచ్‌డీఏ సమ్మిళిత విద్యా విధానాన్ని ప్రకటించింది. దాని ప్రకారం వైకల్యం ఉందన్న కారణంతో స్కూలు అడ్మిషన్ నిరాకరించకూడదు.

మరి మన కుటుంబాలకు చిక్కు ఎక్కడ? ఖర్చు దగ్గర. అమెరికాలో 1975 చట్టం పుణ్యమా అని ప్రభుత్వ బడి ఇలాంటి పిల్లలకు ఉచితంగా ప్రత్యేక విద్య అందించాలి. ఇక్కడ ప్రభుత్వ బడులు ప్రధానంగా ఎమిరాతీలవి. ప్రవాసుల పిల్లలు చదివేది ఫీజులతో నడిచే ప్రైవేటు స్కూళ్లలో. అందుకే తరగతిలో పక్కన ఉండి సాయపడే షాడో టీచర్ జీతం చాలాచోట్ల తల్లిదండ్రుల మీదే పడుతోంది. స్పీచ్, ఆక్యుపేషనల్ థెరపీల ఖర్చు వేరు. 1981లో మొదలైన అల్ నూర్, 2001లో వచ్చిన దుబాయ్ ఆటిజం సెంటర్ లాంటి ప్రత్యేక కేంద్రాలున్నా, అక్కడి సీట్లు అందరికీ సరిపోవు.

పైగా మన వీసా ఉద్యోగానికి ముడిపడింది. 2022 అక్టోబరు నుంచి ఇలాంటి పిల్లల స్పాన్సర్‌షిప్‌కు వయోపరిమితి తీసేయడం పెద్ద ఊరటే. కానీ తండ్రి ఉద్యోగం పోతే బడి, థెరపీ రెండూ ఒకేసారి ఆగిపోతాయి. మార్పును తట్టుకోలేని బిడ్డకు అంతకు మించిన దెబ్బ ఉండదు.

కాబట్టి మన జాగ్రత్తలో మనం ఉండాలి. సీటు లేదంటే కారణం రాతపూర్వకంగా అడగండి. అదనపు రుసుము చెబితే ఏ సేవకు, వారానికి ఎన్ని గంటలు, ఫలితాన్ని ఎవరు సమీక్షిస్తారు అన్నవి ఒప్పందంలో రాయించుకోండి. సీబీఎస్ఈ స్కూలైతే పరీక్షల్లో అదనపు సమయం, రాసిపెట్టే సహాయకుడు వంటి వెసులుబాట్ల గురించి ముందే మాట్లాడండి.

ఇంటి దారినీ సిద్ధంగా ఉంచుకోవాలి. భారత్‌లో 2016 వికలాంగుల హక్కుల చట్టం ఆటిజాన్ని గుర్తించింది. సెలవులకు వెళ్లినప్పుడు యూడీఐడీ కార్డుకు దరఖాస్తు చేయవచ్చు. సికింద్రాబాద్‌లోని ఎన్ఐఈపీఐడీలో పరీక్షలు చేయించవచ్చు. రిపోర్టులన్నీ ఒక్కచోట ఉంటే, రేపు హఠాత్తుగా తిరిగి వెళ్లాల్సి వచ్చినా బిడ్డ చదువు మళ్లీ మొదటి నుంచి మొదలవదు.

ఉగాదికి, సంక్రాంతికి కలిసే మన తెలుగు సంఘాలు ఏడాదికి ఒక్క సమావేశం ఈ తల్లిదండ్రుల కోసం పెట్టినా మేలే. ఏ స్కూలు నిజంగా సాయపడుతోందో ఒకరికొకరు చెప్పుకోగలుగుతారు.